ఒక్క చుక్క

మిర్చియార్డులో తొడిమలు తీసి తీసి
నా ముక్కు ఎప్పుడో మొద్దుబారింది.
సబ్బుతో తోమినా, మజ్జిగలో ముంచినా
వేళ్ల సందుల్లో మంట
అద్దె కట్టనోళ్లలా కదలదు.

లాలాపేట సందు మొదట్లో
మస్తాన్‌వలి అత్తరు బండి.
పది రూపాయలకి ఒక్క చుక్క.
"ఈ ఘాటు పోద్దా?" అన్నాను.
"పోదమ్మా, కాస్త పక్కకి జరిగి చోటిస్తది"
అంటూ వట్టివేరు అత్తరు
నా మణికట్టు మీద వేలితో రాశాడు.

నాకేం వాసన తెలీలేదు.
చన్నీళ్ల కుండకి ఆనించినట్టు
చెయ్యి మాత్రం చల్లబడింది.

ఆయనే వరసగా మూడు తుమ్ములు తుమ్మి
కళ్లు తుడుచుకోబోయి
తన వేలు చూసుకుని ఆగిపోయాడు.

నా వెనకాల పెళ్లికొడుకు
మల్లె అత్తరు అడుగుతున్నాడు.

అదే వేలు.