ఇంటి మీద పలక

తొలిరోజు హాజరు పిలిచినప్పుడు
నా పేరు కాజాంబి అయింది.
రెండు అచ్చుల నడుమ ఎస్ పడితే జ పలుకుతుందట,
ఎమ్ ముక్కులోకి పోతుందట.
కాశింబీ అని దిద్దలేదు నేను.
మార్కాపురం బ్యాంకు గుమాస్తా
ఎప్పుడో కాశమ్మ అని రాశాడు,
పాస్‌బుక్కులో ఇంకా ఆవిడే ఉంది.

ఆంజే ఊరంతా నల్లటి కప్పులు.
బస్సు దిగి తలెత్తి అట్లాగే నిలబడ్డాను.
తడమకుండానే తెలుసు నాకు ఆ రాయి.
ఉలి మొన ఓరగా ఆనించి ఒక్కటిస్తే
పొరకు పొర లేచొస్తుంది.
మా నాయన గోళ్లలోంచి
పండక్కి కూడా పోదు దాని బూడిద.

ఆర్ద్‌వాజ్ అంటారు వాళ్లు. ఆడమాట.

జూన్ సెలవుల్లో షెడ్డులో కూర్చుని
ఇదంతా చెప్పబోతే నాయన సుత్తి ఆపాడు.
"ఇంటి మీద పలకలా? ఆడికెక్కి ఎవురు రాస్తారంట?"
ఫ్రేములు కొట్టేవాళ్లు పడీపడీ నవ్వారు.
వాన, అన్నాను.
"మరి తుడిచేది ఎవురు మే?"
అన్నాడు నాయన, నవ్వకుండా.

ఎనభై అనే మాట లేదు వాళ్లకి.
నాలుగిరవైలు అంటారు.
తొంభై ఏడంటే నాలుగిరవైల పదిహేడు.
క్లాసులో బ్రెజిల్ అబ్బాయి తల పట్టుకున్నాడు,
కొరియా అమ్మాయి వేళ్లు చాలక
పెన్నులు వరస పెట్టుకుంది.
నాకు మాత్రం జేజి గొంతు వినపడింది.
బీటలివ్వని పలకలు ఏరి పక్కన పేర్చి
ఇరవైకో చింతగింజ జరుపుతూ
నాలుగిరవైల మీద పదేడు, అనేది.
సంతకం రాదు మా జేజికి.
ఆ పూట అందరికన్నా ముందు
చెయ్యెత్తింది ఆమే.

నవంబరులో ఇంకో అర్థం తెలిసింది.
మా వీధి కాఫీ కొట్టులో ఒక ముసలాయన
జేబులు తడుముకుని
"పలక మీద వెయ్యి" అన్నాడు.
కొట్టామె తలూపింది.
పలకంటే అప్పు.
బయట చలి. నేను తాగిన కాఫీకి
చిల్లర రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాను.

మా షెడ్డు గోడక్కూడా వేలాడుతోంది ఒక పలక.
బలపంతో రాసింది కాదు, మేకుతో గీసింది.
చెన్నకేశవులు ఇరవై వేలు.
టింబరు డిపో పదకొండు.
మస్తాన్‌వలి మామ, అంకె సరిగ్గా ఆనదు,
ఎనిమిదో మూడో ఆయనే చెప్పాలి.
మొత్తం నా టిక్కెట్టు, నా వీసా, నా చలికోటు.
బలపమైతే చెరిగిపోతుంది నాయనా, అంటే
"అందుకేగా" అన్నాడు.

రెండో అర్థం ఆయనకు చెప్పలేదు.

బడులు తెరవకముందు వెళ్లాల్సిన లోడు.
ఇప్పుడెవరు కొంటున్నారు రాసే పలకలు,
నేలకు పరిచే బండలే అన్నీ.
ఇది ఒక్క ఆర్డరు, పొదిలి అవతలి బడులకి.
నాయన దగ్గుతూ కొత్త పలకొకటి
నా ఒళ్లో పెట్టాడు.
"రాయి, ఆళ్ల లిపిలో. ఎట్టుంటదో చూస్తాం."
బలపం నీళ్లలో ముంచి రాశాను
ఆ ఆడమాటని, పొడుగ్గా, ఏడక్షరాలు.
అందరూ మూగి చూశారు.
నాయన అక్షరాలు చూడలేదు.
పలక వెలుతురుకు ఎత్తి, ఓ కన్ను మూసి
"ఈ మూల లేచింది" అన్నాడు.
అరచేత్తో ఒక్క తుడుపు.
మేకు దించి, రెండు దెబ్బలు వేసి
వరసలో పెట్టాడు.

తడి ఆరేదాకా చూస్తూ కూర్చున్నాను.
ఏ పక్కకి వంగి చూసినా ఏమీ లేదక్కడ,
నలుపు తప్ప.

"ఎంతైనయ్?" అన్నాడు.
ఐదిరవైలు, అన్నాను.
నాయన ఇంకో చింతగింజ పక్కకి జరిపాడు.