గేటు దగ్గర లెక్క

పేపర్లో మూడొందలని వేశారు.
మంత్రిగారు రిబ్బన్ కత్తిరించినప్పుడూ మూడొందలే.
గేటు దగ్గర కూచునేది నేను గనక చెప్తున్నా:
పొద్దున షిఫ్టుకి నలభై ఆరు, సాయంత్రానికి పందొమ్మిది,
నాతో కలిపి.

మా కొవిల్యాలో ఒకప్పుడు
వాగుని చూస్తే తెలిసేది మిల్లులో ఏ రంగు అద్దుతున్నారో.
ఊదా పారితే బిషప్పులకి, బూడిద పారితే సైన్యానికి.
ఆ రంగులు కలిపింది ఈ చేతులే.
మిల్లు మూశాక గోళ్ళలో నీలం పోవడానికి ఏడాది పట్టింది.
పోయాక చూసుకుంటే
ఎవరి చేతులో నాకు తగిలించినట్టుంది.

ఇప్పుడు వాగుకి రంగు లేదు. చేపలొచ్చాయి. మంచిదే.
తొట్లున్న చోట కార్పెట్ పరిచారు.

ఫ్రెంచి కంపెనీ. ఫ్రెంచి వచ్చినవాళ్ళే కావాలన్నారు.
కాలేజీ పిల్లలు సర్టిఫికెట్లు తెచ్చారు.
మా అక్క దెయోలిండా
లియోన్లో ఇరవై రెండేళ్ళు పరాయి మెట్లు తుడుస్తూ
ఏరుకున్న భాష తెచ్చింది,
మూడో అంతస్తు ముసలాయన తిట్లతో సహా.
"కోపంగా ఉన్న కస్టమర్‌తో ఎలా మాట్లాడతారు?" అన్నాడట
కొడుకు వయసు కుర్రాడు.
"తడి మెట్ల మీద దిగేవాడితో మాట్లాడినట్టు" అందట.
యాభై ఎనిమిదో ఏట ఉద్యోగమొచ్చింది.

హెడ్‌సెట్ తగిలిస్తే ఆమె పేరు డెల్ఫీన్.
అక్కడ వానా అని ఎవరైనా అడిగితే
లియోన్ వానే చెప్పాలి,
కిటికీ నిండా మా కొండ మంచు కురుస్తున్నా సరే.

మొన్న ఒకావిడ ఫోన్ చేసింది, పాస్‌వర్డ్ మర్చిపోయి.
చిరునామా చెప్పగానే అక్క చెయ్యి ఆగిపోయింది.
అదే వీధి. అదే నంబరు.
పాస్‌వర్డ్ మార్చిపెట్టింది, మర్యాదలన్నీ వరసగా చెప్పింది,
చివర్న ఉండబట్టలేక అడిగేసింది:
"రెండో మలుపులో ఆ విరిగిన మెట్టు
ఇప్పటికైనా బాగు చేశారా అమ్మా?"

అవతల చాలాసేపు చప్పుడు లేదట.
కాల్ రికార్డయింది.
స్క్రిప్టులో లేని మాటకి నాలుగు పాయింట్లు కోశారు.

గేటు దగ్గరికొచ్చి నా ఫ్లాస్కులో కాఫీ సగం తాగేసి
ఇదంతా చెప్పింది. నవ్వుతూనే.
"చేశారటనా?" అన్నాను.
"లేదట. పోయిన వారమే ఎవరో పడ్డారట."

రాత్రి పదకొండింటికి రిజిస్టర్ తీస్తాను.
లోపలికి: దెయోలిండా. బయటికి: దెయోలిండా.
డెల్ఫీన్ అనే మనిషి
నా గేటు దాటి ఇంతవరకూ పోలేదు, రాలేదు.
మూడొందల్లో ఆమెని కూడా లెక్కేశారేమో,
కనుక్కోవాలి.