టేపు సున్నా కొస

నా ఉద్యోగం చిన్నది.
టేపు సున్నా కొసని గోడకి ఆనించి పట్టుకోవడం.
అవతలి కొసన హైమవతి మేడం అంకె చదువుతుంది.
నాకు కనపడేది ఎప్పుడూ సున్నానే.
ఇరవై రెండేళ్లుగా
కృష్ణ ఒడ్డున పాత కట్టడాలన్నీ
నా బొటనవేలి దగ్గరే మొదలవుతున్నాయి.

సీతానగరంలో పొద్దున లాకు బంగళా కొలిచాం.
పడమటి వరండాలో కోటేరమ్మ
మొక్కజొన్న పొత్తులు కాలుస్తోంది.
బొగ్గుల వెలుగులో మద్రాసు మిద్దె దూలాలు
హాజరుకి నిలబడ్డట్టు నిలబడ్డాయి, పదకొండు.
పన్నెండోది ఏదంటే
"ఉప్పెన ఏడు పొయ్యిలోకి పోయింది.
ఎవరి పొయ్యో అడగమాక" అంది.
ఒక పొత్తు నా చేతిలో పెట్టింది.
డబ్బులు తీసుకోలేదు కాబట్టి
ఆ పొయ్యి ఎవరిదో నాకు తెలిసిపోయింది.

మధ్యాహ్నం ఉప్పు కొటారు.
తలుపు మీద ఎర్రరంగు అంకె అప్పటికే వేసేశారు.
కరకట్ట రోడ్డు వెడల్పు చేస్తారట.
లోపల నేల ఇంకా చెమ్మే.
ఉప్పు పోయి ఎనభై ఏళ్లు,
శ్రావణం వస్తే గోడలు చెమర్చడం మానలేదు.
ఎవరూ చూడకుండా వేలు అద్ది
నాలుక మీద పెట్టుకున్నాను.
ఉంది.

బట్ట మీద అంటించిన పాత నక్షా
పద్దెనిమిది అడుగులంటోంది.
మేడం చేతిలో టేపు
పదిహేడు అడుగుల పదకొండు అంగుళాలంటోంది.
"సున్నా సరిగా పట్టు, రత్నం."
పట్టాను.
"బిగించి పట్టవయ్యా."
గోడలోకి దిగేట్టు పట్టాను.
పదకొండే.

అంగుళం ఎటు పోయింది?
ఏటికి దొంగతనం తెలుసు,
ఇంత చిల్లర దొంగతనం మాత్రం దాని గుణం కాదు.
నిండు లంకని ఒక్క రాత్రిలో మింగి
మూడేళ్లకి ఎదుటి గట్టున ఉమ్మిన తల్లి అది.

గుమ్మంలో కూర్చున్న సున్నం బాజీ సాహెబు
బీడీ ఆర్పి, మిగిలింది చెవి మీద పెట్టుకుని
లేచొచ్చి గోటితో గోడ గీరాడు.
తెలుపు.
దాని కింద నీలిమందు కలిపిన తెలుపు.
దాని కింద పసుపు,
ఏ దొర తనిఖీకి వస్తున్నాడని వేశారో.
మళ్లీ తెలుపు, మళ్లీ తెలుపు.
"ఏటా ఒక పూత, మేడం.
మా అబ్బ వేశాడు, ఆయన అబ్బ వేశాడు.
ఈ గోడకి అర, ఆ గోడకి అర.
మీ అంగుళం ఎక్కడికీ పోలేదు.
లోపలికే వచ్చింది."

ఒక్క చోట మాత్రం పూత లేదు.
నా ఛాతీ ఎత్తున అడ్డంగా వరద గీత,
ఏ సంవత్సరమో సగం అరిగిన అంకెలు.
అది మునగకూడదని
తరతరాల కుంచెలు పక్కకి తప్పుకుంటూ వెళ్లాయి.
ఇప్పుడది గీత కాదు, గాడి.
మేడం చెప్పకుండానే
సున్నాని ఆ గాడిలో పెట్టాను.
"పదకొండున్నర" అంది అవతల్నుంచి, గొంతు తగ్గించి.
మిగతా అర ఆమె వైపు గోడలో ఉంది.

ఫారంలో ఆఖరి గడి: ప్రస్తుత వినియోగం.
పెన్ను ఆగింది.
"ఏం రాయమంటావు?"
ఇన్నేళ్లలో నన్ను అడిగిన మొదటి ప్రశ్న.
వానొస్తే రేవులో వాళ్లంతా నిలబడే చోటు, అన్నాను.
గడి వైపు చూసింది.
అందులో అన్ని మాటలు పట్టవు.
"ఖాళీ" అని రాసింది.
రాసి, కాసేపు అక్కడే నిలబడింది.

టేపు సర్రున చుట్టుకుని
ఆమె చేతిలోకి వెళ్లిపోయింది.
బొటనవేలి మీద
సున్నా ఉండాల్సిన చోట సున్నం.
పంపు దగ్గరికి పోయి కూడా
ఆ చెయ్యి కడుక్కోలేదు.
ఎడంచేత్తోనే తిన్నాను పొత్తు,
చల్లారిపోయింది,
కొంచెం ఉప్పగా ఉంది.