పది నిమిషాలు ఊరికే

పతకాలకు పేర్లు పెట్టడం నా ఉద్యోగం.
టంపెరేలో, పాత నూలుమిల్లు మూడో అంతస్తులో,
కిటికీ అవతల జలపాతం పొద్దస్తమానం గొణుగుతుంటే
ఇవతల నేను పేర్లు పెడుతుంటాను.
నూరు తోడేళ్లను చంపినవాడికి ఒక పేరు.
మొదటిసారి చచ్చినవాడికి ఒక పేరు,
అదీ ఘనకార్యమే మా లెక్కలో.
తలుపు తీసినందుకు కూడా ఇచ్చామోసారి. ఒట్టు.

టింగ్.
తెర మూల నుంచి చిన్న పలక జారుకుంటూ వచ్చి
సాధించావు అంటుంది.
ఏం సాధించాడో ఆడేవాడు మర్చిపోతాడు,
ఆ టింగ్ మాత్రం
నాలిక మీద ఉప్పుకల్లులా ఉండిపోతుంది.
ఇంకో కల్లు కావాలి. ఇంకోటి.

మూడింటికే చీకటి పడే ఒక నవంబరులో
ఎవరికీ చెప్పకుండా ఒకటి దాచాను.
ఆటలో ఉత్తరపు కొసన ఒక సరస్సు.
నిధి లేదు, శత్రువు లేడు, చేపలు కూడా లేవు
(చేపలు వేసే వెర్నెరి ఆ వారం సెలవులో ఉన్నాడు).
ఆ ఒడ్డున పది నిమిషాలు నిలబడ్డవాడికి
టింగ్.
పతకం పేరు: ఊరికే.

ఏడు నెలలు ఎవరికీ దొరకలేదు.
పట్టికలో దాని పక్కన సున్నా.
నా సరస్సు ఇంకా ఎంగిలి పడలేదని
ఆ సున్నాను చూసి మురిసిపోయేదాన్ని.

ఆ తరవాత ఎవడో ఆట కడుపు కోసి చూశాడు.
తెల్లారేసరికి ఊరూవాడా పాకింది.
లక్షమంది వచ్చారు ఒడ్డుకి.
వచ్చి, బొమ్మను నిలబెట్టి, కంట్రోలర్ కింద పెట్టి
కాఫీ కలుపుకోడానికి లేచి వెళ్లారు.
సరస్సు ముందు లక్ష బొమ్మలు,
తెరల ముందు లక్ష ఖాళీ కుర్చీలు.
"అరవై రెండు శాతం!" అన్నాడు మా మేనేజర్ యార్మో.
కేకు కోశారు. తిన్నాను. బాగానే ఉంది.

మా కింది వాటాలో ఉర్హో ఉంటాడు.
ముప్పై తొమ్మిదేళ్లు కాగితం మిల్లులో పనిచేసి
రెండు వేళ్లు అక్కడే వదిలేసి వచ్చాడు.
మనవరాలు విసుగొచ్చి పడేసిన పాత గేమ్ పెట్టె,
దాంతోపాటు మా ఆట, అతనికి దక్కాయి.
నెట్ లేదు, ఖాతా లేదు,
కాబట్టి టింగూ లేదు.
అతని పేరుకు అర్థం వీరుడు.
తోడేలు కనబడితే మాత్రం చెట్టెక్కేస్తాడు.

ఫ్యూజు పోయిందని ఒక రాత్రి కిందికి దిగితే
అతని తలుపు తీసే ఉంది. తెర మీద నా సరస్సు.
బొమ్మ నిలబడి ఉంది, ఉర్హో కూచుని ఉన్నాడు,
కంట్రోలర్ అతని ఎనిమిది వేళ్ల మధ్యే ఉంది.
"ఇక్కడ పొద్దు వాలే తీరు తప్పు వేశారు," అన్నాడు,
"వెలుగు ఆ పక్క నుంచి రావాలి.
అయినా బాగుంది."

దీనికో పతకం ఉంది ఉర్హో గారూ, పెట్టింది నేనే.
మాట పళ్ల దాకా వచ్చింది. మింగేశాను.

పతకాలన్నీ దండగ అని అనలేను.
తొమ్మిదేళ్లప్పుడు ఈత బడిలో ఇచ్చిన
నీలం గుడ్డముక్క ఇంకా నా సొరుగులో ఉంది.
అదిస్తామనకపోతే నేను నీళ్లలో దిగేదాన్ని కాదు.
దిగాక
దాని ఊసే గుర్తు లేదు,
చెవుల్లో నీళ్ల చప్పుడు తప్ప.

ఫ్యూజు సంగతి మర్చిపోయి పక్కన కూచున్నాను.
పది నిమిషాలు దాటి ఉంటాయి.
నీళ్ల నడుమ ఒక చేప ఎగిరి పడింది.
ఒక్కటే. వెండి వీపు.
పట్టికలో లేదు, నాకు తెలీదు, యార్మోకి తెలీదు.
సెలవు నుంచి వచ్చాక వెర్నెరి
నోరు మెదపకుండా వదిలి ఉంటాడు.

"అదిగో!" అని అరిచాను.
ఉర్హో తల కూడా తిప్పలేదు.
"అదా, రోజూ వస్తుంది," అన్నాడు,
"కాస్త ఆలస్యంగా."