ఇరవయ్యొకటో పిల్ల

వానొస్తే గ్రౌండు మడుగు,
ఆటల పీరియడ్ తొమ్మిదో తరగతి గదిలో.
చెప్పడానికి పాఠమేదీ లేక
నేనెన్నడూ చూడని దేశపు అంకెలు చెప్పేవాణ్ణి.

యాభై ఆరు.
వరసగా అన్ని ఆటల్లో బేస్‌బాల్‌ని
ఒక్కసారైనా సరిగ్గా కొట్టినవాడి లెక్క.
రెండువేల ఆరువందల ముప్పై రెండు.
పదహారేళ్లు ఒక్క ఆటా మానని మనిషి.

వెనక బెంచీలోంచి గరికిన పైడితల్లి లేచింది.
"మా మామ్మది అంతకంటే ఎక్కువే మాస్టారూ.
ఏట ఆపేసిన రెండు నెల్లూ
ఎండుసేపలెత్తుకెల్లీది.
అది నెక్కెయ్యరేటండి?"
గదంతా నవ్వింది. నేనూ నవ్వాను.
ఇప్పుడు తలుచుకుంటే
ఆ నవ్వులో నా గొంతే పెద్దది.

ఇంకో అంకె ఇరవై ఏడు.
వచ్చినవాణ్ణి వచ్చినట్టే పంపేసి
ఒక్కణ్ణీ మొదటి బేస్ తొక్కనివ్వని రోజు.
నూట యాభై ఏళ్లలో రెండు డజన్లు.
"మన సాఫ్ట్‌బాల్‌లో ఇరవయ్యొకటే కదండి" అంది పైడి,
సంతలో ధర తగ్గినట్టు.

నవంబరు. యూనివర్సిటీ మైదానం. జిల్లా పోటీలు.
గాజువాక పిల్లలకి కొత్త బూట్లు.
చూసేవాళ్లు పదకొండుమంది,
మురీ మిక్చర్ బండివాడితో కలిపి.
అంపైరుకి జ్వరమట.
ఇద్దరు మాస్టర్లం చీటీ వేస్తే
నా పేరొచ్చింది.

కింది చేత్తో విసురుతుంది పైడి.
వల విసిరే చెయ్యి అంటారు పేపరువాళ్లైతే.
కాదు, వల విసిరేది మగాళ్లు.
ఇది గంపెత్తిన భుజం.
పద్నాలుగు. పదిహేను.
ఐదో ఇన్నింగ్స్ అయ్యాక జట్టులో ఎవరూ
ఆమెతో మాట్లాడలేదు, నీళ్ల సీసా కూడా
పక్కన పెట్టి వచ్చేశారు.
అదీ నేను చెప్పిన కథలోదే.
ఇరవై.

ఇరవయ్యొకటో పిల్ల బక్కది, ఎడమకాలి లేసు ఊడింది.
బంతి మెల్లగా దొర్లింది రెండో బేస్ వైపు.
ఏరారు, విసిరారు.
గ్లవ్‌లో బంతి చప్పుడు ముందు,
బేస్ మీద బూటు తర్వాత.
చెవులకి తెలుసు ఆ వరస.
చేతులు మాత్రం అడ్డంగా చాచుకున్నాయి.
సేఫ్.

దుమ్మన్నాను ఆ సాయంత్రం. సముద్రపు గాలన్నాను.
కాదు.
నా బడి పిల్ల కదా,
ఎవరూ వేలెత్తి చూపకూడదనుకున్నాను.
నా మంచిపేరు కోసం దాని రోజుని అమ్మేశాను.

పైడి నావైపు చూసి
నవ్వింది.
అరిచి ఉంటే బాగుండును.
తర్వాతి పిల్లని మూడే బంతుల్లో పంపేసి
గ్లవ్ చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

రాత్రి జగదాంబ దగ్గర బస్సెక్కి
ఈ రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో
తెలియక నిలబడ్డాను.

ఇరవయ్యారు మందిని పంపేశాక
ఆఖరివాణ్ణి సేఫన్న అంపైరు కథ
ఆ గదిలో చెప్పిందీ నేనే.
మర్నాడు అతను మైదానంలో కళ్లు తుడుచుకుంటుంటే
జాబితా కాగితం తెచ్చి చేతిలో పెట్టింది
ఆ పిచరేనని కూడా.

రెండోరోజూ జ్వరం తగ్గలేదు అంపైరుకి.
జాబితా పట్టుకుని మైదానం మధ్యకి
పైడే వస్తోంది.
నేను చెప్పిన కథ
నామీదికే నడిచి వస్తోంది.
ఏడవడానికి సిద్ధపడ్డాను.

"మామ్మకి సెప్పానండి నిన్నటిది."
"ఏమంది?"
"రేపు మల్లీ ఎల్తావా ఎల్లవా అనడిగింది."
కాగితం ఇచ్చేసి
"లేసు ఊడిందండి మీది" అని చూపించింది.

వంగి కట్టుకున్నాను.
చాలాసేపు పట్టింది.

స్కోరు పుస్తకంలో ఆ గడి దిద్దే హక్కు నాకు లేదు.
మాసిన సిరాతో అలాగే ఉంది, ఒక హిట్ అని.

వారం పోయాక పెదజాలరిపేట వెళ్లాను.
మామ్మ ఇసకలో గంప ముందు కూర్చుని ఉంది,
ఈగలు తోలుకుంటూ.
ఎన్ని రోజులమ్మా, ఒక్కరోజూ మానకుండా, అన్నాను.
తలెత్తి, నన్ను మొహం నుంచి బూట్ల దాకా చూసి,
"నెక్కెవుడు సూసినాడు బాబూ," అంది,
"సందువా తీసుకుంటావా, లేదా?"