పదో లాగు

పెన్‌డ్రైవ్ మూడోసారికి గానీ కుదురుకోలేదు.
పొగతోటలో కరెంటు పోయి వచ్చేసరికి
ఫైలు దిగింది,
నాలుగువందల అరవైమూడు వరసలు,
వరసకొక లాగు.
ఇరవై నిమిషాలు పామంజి నరసింగం
రోయింగ్ మిషను మీద కూర్చుని, కళ్ళు మూసుకుని,
యాడికీ పోకుండా పోయిన దూరం
మూడువేల ఏడువందల యాభై మీటర్లు.

మిషను అన్నీ రాసింది.
ఏ సెకనులో, ఎన్ని వాట్లు, గొలుసు ఎంత పొడుగు సాగింది.
గుండె గడిలో మాత్రం పైనించి కిందిదాకా సున్నాలు.
ఛాతీకి బెల్టు కట్టడం నేనే మరిచిపోయాను.
దాని లెక్కన ఈయన
గుండె లేకుండానే లాగినాడు.

వేగం గడిలో ఇంకో తమాషా.
అయిదొందల మీటర్లకు రెండు నిమిషాల నలభై సెకన్లని మిషను రాస్తే
ఎక్సెల్ దాన్ని గడియారం అనుకుంది.
తెల్లారుజామున రెండూ నలభై అని చూపించింది.
సరిచేయబోతుంటే వెనకనించి తొంగిచూసి
"ఇస్కపల్లిలో మేం పడవ దింపే టైము
దీనికెట్టా తెలిసిందమా?" అన్నాడు.

ఆయన వెళ్ళాక గీత గీయించి చూశాను.
తొమ్మిది లాగులు ఒక్క తీరు. పదోది పొట్టి.
ఆ తర్వాత కాసేపు ఏమీ లేదు.
మళ్ళీ తొమ్మిది.
అల అనుకున్నాను.
పుట్టి బుద్ధెరిగినప్పటినించీ సముద్రం మీదున్న మనిషి,
ఒంట్లో అలల లెక్క ఉండిపోయిందనుకున్నాను.
ఆ రాత్రి మా చెల్లెలికి ఫోన్ చేసి మరీ చెప్పాను.

"అలా లేదు, గిలా లేదు మేడం," అన్నాడు మర్నాడు.
"తెడ్డు పట్టి ఇరవయ్యేళ్ళాయ. అంతా ఇంజనే గదా ఇప్పుడు.
పదోదానికి ఎముక పక్కకు జరగతాది.
దాన్ని గూట్లో కూచోబెట్టుకోని మళ్ళా లాగతా."

ఆరు నెలలుగా నా చేతుల కిందున్న భుజం.
నాకు చెప్పనిది ఫైలుకు చెప్పుకుంది.
నేనేమో దాంట్లో సముద్రాన్ని చదువుకున్నాను.

వల ఎత్తేటప్పుడు జారిందట, పోయిన కార్తీకంలో.
అప్పట్నించీ పడవలో ఆయనది అర వాటా.
నిండు వాటా కావాలంటే
చెయ్యి బాగైందని కాయితం తెమ్మన్నారు.
"ఆ పొట్టివన్నీ వద్దమా.
అంతా కలిపి పైన ఒక్క లెక్క వేస్తాదే,
అది చాలు."

సగటు.
ఎనభై అయిదు వాట్లు.
యాభైనాలుగేళ్ళ మనిషికి తక్కువేం కాదు.
తొమ్మిదిమంది నడుమ ఒక నీరసపు మనిషి
ఎవరి కంటా పడకుండా నడిచిపోయినట్టు
పదో లాగు అందులో కలిసిపోయింది.

ఒక్క పేజీ ప్రింటు తీశాను.
తేదీ వేసి, సంతకం పెట్టి, స్టాంపు గుద్దాను.
ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి
సెల్లు దాచుకునే ప్లాస్టిక్ కవర్లో దోపుకున్నాడు.
గేటు దాకా పోయి, తిరిగొచ్చి,
తడిస్తే ఇంకోటి ఇస్తారు గదా అని అడిగి పోయినాడు.
అబద్ధం నేనాడలేదు, సగటు ఆడింది
అని వారంగా నాకు నేనే చెప్పుకుంటున్నాను.

మిగతా వరసలన్నీ నా దగ్గరే ఉన్నాయి.
రెండువందల డెబ్బయ్యో లాగు దగ్గర
ఎముక నాలుగు సెకన్లు దారికి రాలేదు.
ఆ గడికి పసుపు రంగు పూసి పెట్టాను.
వేగం గడి మాత్రం సరిచేయలేదు,
పైనించి కిందిదాకా తెల్లారుజామే.

నిన్న రాత్రి మెలకువ వచ్చి ఫోన్ చూస్తే
రెండూ నలభై రెండు.
పడవ దింపేసి ఉంటారు.
పక్కన ఎవరున్నారో.
ఫ్యాను కింద వెల్లకిలా పడుకుని
ఒకటీ, రెండూ అని
ఎవరి లాగులో లెక్కపెడుతూ పోయాను,
తొమ్మిది దాకా.