మైదా బంక

బిట్రగుంట స్టేషనెదురుగా
హజరత్తయ్య టీకొట్టు ముందు
ముగ్గురికీ ఒకటే బెంచీ.
ఎండ జరిగే కొద్దీ వీళ్లూ జరుగుతారు.
నేను నిలబడే తాగుతాను.
గోడలకు పోస్టర్లంటించినవాడికి
కూచునే అలవాటు లేదు.

న్యూ పెన్నా సర్కస్ అంటే ఇప్పుడింతే:
జోకరు మస్తానయ్య,
ఊయల మీంచి ఎగిరిన పెంచలమ్మ,
ఆమెను గాల్లో పట్టుకున్న కుంజిరామన్,
నేను, నా రెండు బకెట్ల మైదా బంక.

"అరవై అడుగులబ్బయా!" అంటాడు మస్తానయ్య
టీ పోసే పిల్లోడితో.
"అంతెత్తున ఈయమ్మ మూడు పల్టీలు కొట్టేది."
"రెండే," అంటది పెంచలమ్మ,
"మూడోది నీ నోట్లో కొట్టుంటా."
అరవై అని అచ్చేయించింది మేనేజరు.
స్తంభం ముప్పైరెండు.
నా బంక చీపురుతో నేనే కొలిచాను.
ఇప్పుడు కాలేజీల ర్యాంకులు అంటిస్తున్నాను,
వాటినీ సగానికి కోసే చదువుకుంటాను.

బొగ్గింజన్ల కాలంలో
సర్కస్ రైలు ఇక్కడే ఆగేది.
ఇంజన్లకు నీళ్లు పోసే గొట్టం కింద
మా గౌరి పోయి నిలబడింది ఒక మధ్యాహ్నం.
తొండమెత్తి తాగుతానే ఉంది.
వెనక ఇంజను కూతమీద కూత.
"ఏనుగును తియ్యండయ్యా!" అని డ్రైవరు,
"దానిదీ షెడ్యూలు టైమే" అని మస్తానయ్య.
ఆ రోజు మద్రాసు బండి
ఎంత లేటయిందో ఏటేటా పెరుగుతుంది.
నిరుడు ముప్పావుగంట,
ఈ యేడు మర్నాడు పోయింది.

సింహం సంగతొస్తే ముగ్గురూ ఒకేసారి మాట్లాడతారు.
పేరు రాజా. పళ్లు నాలుగు.
గర్జించమంటే ఆవలించేది.
డేరా వెనక ఖాళీ నూనె డబ్బాలో మూతిపెట్టి
గర్జన అరువిచ్చేవాడు మస్తానయ్య.
"గూడూరులో నాకు పొడి దగ్గు.
సింహం దగ్గిందని ఒకటే చప్పట్లు!"
"జీతం మాత్రం దానికే ఎక్కువ,"
తలశ్శేరి వదలని తెలుగులో కుంజిరామన్.
"నీకు కూలి, దానికి మాంసం."
"ఏం మాంసం సామే, నేను నమిలిపెడితేగా!"

జంతువులొద్దని కాయితం వచ్చిన యేడు
నా దగ్గర రెండు వేల పోస్టర్లు మిగిలినయి.
ప్రతి దాంట్లో సింహం.
తెల్ల కాగితాలు ముక్కలు కోసి
సింహం మీద అతికిస్తూ అతికిస్తూ
కావలి నుంచి నాయుడుపేట దాకా పోయాను.
చివరి గోడ అయిన రాత్రి వాన.
తెల్లారి లారీలో తిరిగొస్తుంటే
ట్రంకురోడ్డు పొడుగునా గోడ గోడకీ రాజా,
తడిసిన జూలుతో, నాలుగు పళ్లతో,
నన్ను చూసి ఆవలిస్తా.
అప్పటికది చచ్చిపోయి నెల.
ఇది చెబితే ఎవరూ నవ్వరు.
అందుకే టీకొట్టు దగ్గర చెప్పను.

కావలి తగువు మాత్రం రోజూ ఉంటుంది.
"నువ్వొదిలేశావు."
"నువ్వు లేటొచ్చావు."
"బ్యాండు తప్పు కొట్టింది," అని
చచ్చిపోయిన బ్యాండు మేస్త్రి మీదికి నెడతాడు మస్తానయ్య.
కింద వల ఉంది.
వలలో పడి మూడుసార్లు ఎగిరింది పెంచలమ్మ.
మస్తానయ్య మూడు పల్టీలూ
అక్కడివేనని నా అనుమానం.
విరిగిన మోచెయ్యి అతికింది.
తగువుకు ఏ బంకా పనిచెయ్యలేదు.

ఐదింటి ప్యాసింజరు కూత పెడితే లేస్తారు.
పట్టాలవతల రైల్వే కాలనీ,
మధ్యలో వంతెన మెట్లు,
పెంచలమ్మకు మోకాళ్లు.
కుంజిరామన్ చెయ్యందిస్తాడు.
ఆమె ఆ చేతిలో చెయ్యి పెట్టదు.
అరచెయ్యి దాటి
అతని మణికట్టు పట్టుకుంటుంది.
అతని వేళ్లు ఆమె మణికట్టును.
పైన అట్టాగే పట్టుకోవాలంట,
చెమటకు వేళ్లు జారతాయి, ఎముక జారదు.

"ఈసారన్నా వదలమాక."
"ముందు కిందకు చూడు. వల లేదు."
వెనకనుంచి మస్తానయ్య
నోటితో డ్రమ్ము వాయిస్తాడు.
మళ్లీ తప్పే.